చార్జి నియంత్రకం ఏ వేళ వేడెక్కుతుంది?

గోపాల్‌పేట ఒకప్పుడు పాలమూరు సంస్థానాలలో ఒకటి. గద్వాల, వనపర్తి, అమరచింత, జటప్రోలు సంస్థానాల సరసన దాని పేరు కూడా వినవచ్చేది. హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైన తరువాత సంస్థానాలు పోయినవి. మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండిన గోపాల్‌పేట 2016 అక్టోబరు 11న ఏర్పడిన వనపర్తి జిల్లాలో చేరినది. పాలకులు మారినారు, జిల్లా పేరు మారినది. అక్కడి ఎండ మాత్రం మారలేదు. నల్లని బండరాళ్ళ గుట్టలు పగలంతా ఆ ఎండను తాగి, పొద్దు గూకిన తరువాత కూడా చాలాసేపు సెగలు కక్కుతూనే ఉంటవి.

ఆ ఎండనే ఇప్పుడు పల్లెల్లో కొందరు దీపానికి వాడుకొంటున్నారు. ఇంటి కప్పు మీద సోలార్ పలక, మూలన బ్యాటరీ, రెండింటి నడుమ గోడకు బిగించిన చిన్న పెట్టె ఉంటవి. ఆ పెట్టె పేరు చార్జి నియంత్రకం. వ్యవహారంలో దానిని చార్జ్ కంట్రోలర్ అంటారు. వేసవి మధ్యాహ్నం దాని మీద చేయి వేస్తే చురుక్కుమంటుంది. ఇది లోపమా, సహజమా? ఈ సందేహంతో కొందరు మూత ఊడదీసి విసనకర్ర పెడతారు. మరికొందరు తడిగుడ్డ కప్పుతారు. ఈ రెండవ పని చాలా ప్రమాదకరం. విద్యుత్తు ఉన్న పెట్టె మీద నీరు ఎన్నడూ పడకూడదు.

ఈ సందేహం తీరడానికి దారి పెట్టె చరిత్రలో ఉన్నది. వేర్వేరు కాలాలలో వేర్వేరు రకాల నియంత్రకాలు పుట్టినవి. ప్రతి రకానికీ వేడెక్కే వేళ ఒకటి ఉన్నది. ఆ వేళ తెలిసినచో వేడి ఎక్కడ పుట్టుచున్నదో చాలవరకు పోల్చుకొనవచ్చును.

ముందుగా నియంత్రకపు అవసరమేమిటో చూడాలి. మళ్ళీ మళ్ళీ నింపుకొనగల సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే తయారుచేసినాడు. 1881లో కామిల్ ఫోర్ పలకలకు సీసపు ఆక్సైడు ముద్ద పూసే పద్ధతి కనిపెట్టడంతో అది వ్యాపార వస్తువైనది. ఈ బ్యాటరీకి రెండు బలహీనతలున్నవి. నిండిన తరువాత కూడా విద్యుత్తు పంపుతూ పోయినచో లోపలి నీరు హైడ్రొజను, ఆక్సిజను వాయువులుగా విడిపోతుంది, పలకలు తినివేయబడతవి. అరకొరగా నింపి వదిలివేసినచో పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిపడి, బ్యాటరీ కొద్దికాలంలోనే గొడ్డుపోతుంది. కనుక సరిగా నిండేవరకు నింపి, “ఇక చాలు” అని చెప్పగల ఏర్పాటు ఒకటి ఉండితీరాలి.

సూర్యుని విద్యుత్తు రాకముందే ఈ చిక్కు రైళ్ళలో ఎదురైనది. పెట్టెల్లో దీపాలు వెలిగించడానికి ఇరుసుకు బెల్టు తగిలించి డైనమో తిప్పేవారు. రైలు ఆగినప్పుడు బ్యాటరీ దీపాలను నడిపేది. రైలు వేగం పెరిగితే డైనమో విద్యుత్తు కూడా పెరిగి బ్యాటరీని పాడుచేయాలి. 1890లలో ఇంగ్లండులోని జె. స్టోన్ కంపెనీ దీనికి ఒక చమత్కారమైన ఉపాయం పన్నినది. డైనమోను ఊయలవలె వేలాడదీసి, బెల్టు బిగువు ఒక హద్దు దాటకుండా చేసినారు. వేగం హెచ్చినప్పుడు బెల్టు జారిపోయేది. డైనమో మాత్రం ఇంచుమించు ఒకే వేగంతో తిరిగేది. భారతదేశపు రైళ్ళలోను ఈ పద్ధతి చాలాకాలం వాడుకలో ఉన్నది. మరి మిగులు శక్తి ఏమైనట్లు? జారుతున్న బెల్టు రాపిడిలో వేడిగా మారి గాలిలో కలిసేది. నియంత్రణకు వెల వేడి రూపంలో చెల్లించవలసి వచ్చుట అప్పటినుంచే ఉన్నదన్నమాట.

రైలు నిలిచినప్పుడు బ్యాటరీలోని విద్యుత్తు వెనుకకు డైనమోలోకి పారకుండా కటౌట్ అనే మీట దారి మూసేది. రాత్రివేళ బ్యాటరీనుంచి సోలార్ పలకలోకి విద్యుత్తు పోకుండా ఆపే డయోడుకు ఇది ముత్తాత వంటిది.

వేడి లెక్కను అంతకు చాలా ముందే, 1840–41లో, జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ తేల్చినాడు. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గానికీ, తీగ నిరోధానికీ అనుపాతంలో ఉంటుంది. ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగింతలు. పాఠశాలలో పరీక్ష కోసం వల్లించే ఈ సూత్రమే గోపాల్‌పేటలో గోడకున్న పెట్టెలో ప్రతి మధ్యాహ్నం పనిచేస్తున్నది.

వెలుతురు పడితే విద్యుత్తు పుట్టగలదని 1839లోనే ఎడ్మండ్ బెకెరల్ చూపినాడు. అయినా పనికివచ్చే సౌర ఘటం కోసం నూరేళ్ళకు పైగా వేచియుండవలసి వచ్చినది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డారిల్ చాపిన్ అనే ఇంజనీరు, వేడీ తేమా గల దూరప్రాంతాలలో టెలిఫోను పరికరాలకు వాడే పొడి బ్యాటరీలు త్వరగా పాడవుతుండగా, ప్రత్యామ్నాయం కోసం వెదుకుతున్నాడు. కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్‌లు సిలికాన్ మీద చేస్తున్న పరిశోధన ఆయనకు తోడైనది. 1954 ఏప్రిల్ 25న ఆ ముగ్గురి సిలికాన్ ఘటాన్ని లోకానికి చూపినారు. తన మీద పడే ఎండలో అది నూటికి ఆరు వంతులు విద్యుత్తుగా మార్చినది. ఉష్ణప్రాంతాల కష్టం చూసి మొదలైన అన్వేషణ ఇది అన్న సంగతి సాధారణంగా పుస్తకాలలో కనబడదు.

మరుసటి సంవత్సరం అక్టోబరులో జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ ఊరివద్ద ఒక టెలిఫోను స్తంభం మీద 432 ఘటాల పలక నిలిపి, గ్రామీణ టెలిఫోను తీగకు విద్యుత్తు అందించినారు. పగటి మిగులు బ్యాటరీలో నిలువ చేసి రాత్రి వాడుకొన్నారు. పలక, బ్యాటరీ, నడుమ కాపలా అనే మూడింటి కూటమికి తొలినాటి ఉదాహరణలలో అది ఒకటి. 1958 మార్చి 17న ఎగసిన వాన్‌గార్డ్ ఉపగ్రహంలో సౌర ఘటాలు రేడియోను నేరుగా నడిపినవి. నిలువ చేయడం లేదు కనుక అక్కడ నియంత్రకపు బాధ కూడా లేదు. ఆ రేడియో 1964 వరకు పలికినది.

తరువాతి ఉపగ్రహాలకు భూమి నీడలో కూడా పనిచేయవలసి వచ్చి, బ్యాటరీ తప్పనిసరి అయినది. అప్పుడు ఎక్కువగా ఆదరణ పొందినది పక్కదారి పద్ధతి. బ్యాటరీ నిండగానే మిగులు ప్రవాహాన్ని ట్రాన్సిస్టరు లేక నిరోధకం గుండా పక్కకు మళ్ళించి, వేడిగా కాల్చివేస్తారు. అంతరిక్షంలో గాలి లేదు, సంవహనం జరగదు. వేడి వికిరణ రూపంలోనే బయటికి పోవాలి. భారతదేశపు తొలి ఉపగ్రహం ఆర్యభట కూడా సౌర ఘటాలతో, బ్యాటరీతో నడిచినది. 1975 ఏప్రిల్ 19న ఎగసిన ఆ ఉపగ్రహానికి 26 ముఖాలుండగా 24 ముఖాలను సౌర ఘటాలతో కప్పినారు. అయినా నాలుగైదు రోజులు గడిచేసరికి శాస్త్ర పరికరాలకు విద్యుత్తు అందించే భాగంలో లోపం తలెత్తి ప్రయోగాలు నిలిచిపోయినవి. ఘటాల మీద ఎండ పడుతూనే ఉన్నది; ఆ విద్యుత్తు చేరవలసిన చోటికి చేరలేదు. పలక బాగుండడం ఒక ఎత్తు, దాని విద్యుత్తును సరిగా పంచడం మరొక ఎత్తు.

పక్కదారి నియంత్రకం తరువాత భూమి మీదకు వచ్చినది. 75 వాట్ల పలక ఉన్నదనుకొందాము. బ్యాటరీ నిండిన క్షణం నుంచి ఆ 75 వాట్లూ పెట్టె లోపల వేడిగా మారవలసిందే. అంటే మూతపెట్టిన డబ్బాలో 75 వాట్ల బల్బు వెలిగించినట్లు. పాత పెట్టెలకు దువ్వెన పండ్లవంటి పెద్ద అల్యూమినియం రెక్కలు ఉండడానికి కారణమిదే. తరువాత ఇంకొక ఉపాయం వచ్చినది. సౌర పలక రెండు కొసలనూ కలిపివేసినా దానికి హాని లేదు. పలక ఇవ్వగలిగిన ప్రవాహానికి ఒక హద్దు ఉన్నది. కొసలు కలిపినప్పటి ప్రవాహం మామూలు ప్రవాహం కంటె స్వల్పంగా మాత్రమే ఎక్కువ. (బ్యాటరీ కొసలు కలిపితే మాత్రం మంటలు లేస్తవి, విద్యార్థులు ఈ రెండింటినీ పొరబడరాదు.) కనుక బ్యాటరీ నిండినప్పుడు పలక కొసలను ట్రాన్సిస్టరుతో కలిపివేస్తే చాలును. వేడిలో అధికభాగం పెట్టెను వదలి కప్పు మీది పలకలోనే ఉండిపోతుంది.

ఈ నడుమ, 1980లలో, అమెరికాలో కొన్ని కంపెనీలు అసలు నియంత్రకమే అక్కరలేని పలకలు అమ్మజూపినవి. మామూలు పలకలో 36 ఘటాలుండగా వీటిలో 30 లేక 32 మాత్రమే ఉండేవి. బ్యాటరీ నిండి వోల్టేజి పెరిగేసరికి పలక వోల్టేజి చాలక ప్రవాహం తనంత తానే తగ్గిపోతుందని వారి ఆలోచన. చల్లని దేశంలో ఇది కొంత చెల్లినది. పాలమూరు ఎండలో ఏమగునో లెక్క వేయవచ్చును. సిలికాన్ ఘటం ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 2 మిల్లీవోల్టులకు పైగా కోల్పోతుంది; 2.2 అనుకొందాము. వేసవిలో పలక 65 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరడం సామాన్యం. అంటే 25 డిగ్రీల ప్రమాణం కంటె 40 డిగ్రీలు ఎక్కువ. 30 ఘటాల పలక సుమారు 14.6 వోల్టులు ఇవ్వవలసినది, 2.6 వోల్టులు పోగొట్టుకొని 12 దగ్గర నిలుస్తుంది. బ్యాటరీ నింపడానికి 14 వోల్టులకు పైన కావాలి! 36 ఘటాల పలక సుమారు 17.5 నుంచి 14.3కు దిగినా పని జరుగుతుంది. నాలుగైదు ఘటాలు మిగిల్చబోయి బ్యాటరీని పస్తు పెట్టే ఈ పలకలు వేడి దేశాలకు పనికిరాలేదు. నియంత్రకం తిరిగి అవసరమైనది.

ఇప్పుడు చిన్న ఇళ్ళలో ఎక్కువగా కనబడేది వరుస పద్ధతి. ఇందులో ట్రాన్సిస్టరు పక్కదారిలో గాక ప్రవాహపు ప్రధాన మార్గంలోనే తలుపువలె నిలుస్తుంది. బ్యాటరీ ఆకలిగా ఉన్నప్పుడు తలుపు బార్లా తెరిచి ఉంటుంది. నిండేకొద్దీ సెకనుకు ఎన్నోసార్లు తెరుచుకొంటూ మూసుకొంటూ, తెరిచి ఉండే కాలాన్ని తగ్గిస్తుంది. ఇంత వేగంగా, ఇంత తక్కువ నిరోధంతో పనిచేసే తలుపు మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టరు వల్ల సాధ్యమైనది. దానిని 1959లో బెల్ ప్రయోగశాలలోనే మొహమ్మద్ అటల్లా, డావన్ కాంగ్‌లు రూపొందించినారు. హెచ్చు ప్రవాహాన్ని మోయగల రకాలు 1970ల చివర బజారుకు వచ్చినవి.

నాలుగవ రకం పలక నుంచి గరిష్ఠ సామర్థ్యాన్ని వెదికి పట్టుకొనేది. దీనిని ఉపగ్రహాల కోసం 1960లలో ఆలోచించినారు. ఇళ్ళలో వాడకానికి 1980లలో ఆస్ట్రేలియాలో తయారుచేసినారు. ఇది ఎక్కువ వోల్టేజిని తక్కువ వోల్టేజిగా మార్చి ఆ మేరకు ప్రవాహాన్ని పెంచుతుంది. నూటికి 95 వంతులు బ్యాటరీకి చేర్చినా, 300 వాట్ల పలక నుంచి 15 వాట్లు పెట్టెలోనే వేడిగా మిగులుతవి.

ఇక గోపాల్‌పేటలోని పెట్టె దగ్గరకు తిరిగి వద్దాము. ఉపాధ్యాయుడు విద్యార్థులతో కలిసి ఒక రోజు గంటగంటకూ పెట్టె వేడిని, బ్యాటరీ వోల్టేజిని పలకమీద రాయించినచో సగం రోగం తెలిసిపోతుంది. పొద్దున పది పదకొండు గంటలకు, బ్యాటరీ ఇంకా నిండకుండానే పెట్టె వేడెక్కి, మూడు గంటలకు బ్యాటరీ నిండినప్పుడు చల్లబడితే అది వరుస రకం. ప్రవాహపు ప్రధాన మార్గంలోనే వేడి పుట్టుచున్నది. పొద్దుటంతా చల్లగా ఉండి, బ్యాటరీ నిండిన తరువాత సాయంత్రం వేడెక్కితే అది పక్కదారి రకం. అది దాని ధర్మమే. ఆ పెట్టెను విప్పి వెదకడం వృథా ప్రయాస. గాలి ఆడే చోట ఉన్నదా లేదా అని చూస్తే చాలును. రాత్రి కూడా వేడిగా ఉన్నదంటే సూర్యునితో సంబంధం లేదు. దీపాలవైపు వెళ్ళే మార్గంలోనో, తిరుగు ప్రవాహాన్ని ఆపవలసిన భాగంలోనో లోపమున్నది.

ప్రధాన మార్గంలో వేడి అన్నప్పుడు అందరూ లోపలి ట్రాన్సిస్టరును అనుమానిస్తారు. లెక్క వేరే చెబుతుంది. 10 ఆంపియర్ల ప్రవాహం, మాస్‌ఫెట్ నిరోధం 10 మిల్లీఓములు అయితే జౌల్ సూత్రం ప్రకారం పుట్టే వేడి 1 వాటు. మామూలు సిలికాన్ డయోడు ఉంటే దాని 0.7 వోల్టులకు 7 వాట్లు. కాని తీగను బిగించే స్క్రూ వదులై, తుప్పు చేరి, అక్కడ నిరోధం కేవలం పదో వంతు ఓము అయినదనుకోండి. అప్పుడు ఆ ఒక్క స్క్రూ దగ్గరే 10 వాట్లు! చిటికెనవేలి కొనంత చోటులో పుట్టిన ఈ వేడికి ప్లాస్టిక్కు మెత్తబడి, రాగి నల్లబడుతుంది. వేడికి వ్యాకోచించి రాత్రి సంకోచించడంతో స్క్రూ ఇంకా వదులవుతుంది. నిరోధం ఇంకా పెరుగుతుంది. అల్యూమినియం తీగను రాగి తీగతో మెలిపెట్టి కలిపిన చోట ఈ బాధ మరీ ఎక్కువ.

దీనిని కనిపెట్టడానికి ఖరీదైన సాధనం అక్కరలేదు. ప్రయోగశాలలోని మల్టీమీటరును మిల్లీవోల్టుల మీద ఉంచి, ప్రవాహం నడుస్తుండగా ఒక కొనను తీగ లోహానికీ, రెండవ కొనను ఆ తీగ బిగించిన స్క్రూకూ తాకించాలి. కొన్ని మిల్లీవోల్టులు చూపితే అతుకు మంచిది. వందల మిల్లీవోల్టులు చూపితే వేడి అక్కడే. ఇది పెద్దల పర్యవేక్షణలో, పొడిచేతులతో, రెండు వేర్వేరు తీగలను పొరపాటున కలపకుండా చేయవలసిన పరీక్ష. సమీపంలోని వనపర్తిలో 1959లో పాత రాజప్రాసాదంలో మొదలైన పాలిటెక్నిక్‌లో విద్యుత్తు నేర్చినవారికి ఇది చెప్పవలసిన సంగతి కాదు. బడిపిల్లలకు మాత్రం ఓం సూత్రం ఇంతకంటె స్పష్టంగా కనబడే చోటు అరుదు.

అతుకులన్నీ బాగుండి కూడా వేడి తగ్గనప్పుడు పెట్టె చుట్టుపక్కల చూడాలి. వేడి బయటికి పోయే దారిలో ప్రతి వాటుకూ కొన్ని డిగ్రీల తేడా ఏర్పడుతుంది. ఒక పెట్టెకు ఆ తేడా వాటుకు 5 డిగ్రీలనుకొంటే, 6 వాట్లకు 30 డిగ్రీలు. బయట 43 డిగ్రీల ఎండ ఉన్ననాడు పెట్టె 73కు చేరుతుంది. అదే పెట్టెను మూసిన చెక్క అలమరలో, రేకుల కప్పుకు ఆనించి పెడితే లోపలి గాలే 55 ఉంటుంది. పెట్టె 85 అవుతుంది. వేడెక్కేకొద్దీ మాస్‌ఫెట్ నిరోధం పెరుగుతుంది. 100 డిగ్రీలు దాటే వేళకు అది ఒకటిన్నర రెట్లు కావచ్చును. మంచి నియంత్రకాలు ఈ స్థితిలో తమను తాము కాపాడుకొనడానికి ప్రవాహాన్ని తగ్గించివేస్తవి. ఎండ నిండుగా ఉన్న నడిమధ్యాహ్నమే బ్యాటరీకి తక్కువ అందుతుంది.

ఇంతకంటె లోతైన చిక్కు మరొకటి ఉన్నది. దీనిని అనుభవజ్ఞులైన మెకానిక్కులు కూడా ఒక్కొక్కసారి గమనించరు. బ్యాటరీ వేడిగా ఉన్నప్పుడు దానిని నింపే వోల్టేజి తగ్గించాలి. 12 వోల్టుల బ్యాటరీకి ఒక డిగ్రీకి సుమారు 24 మిల్లీవోల్టులు తగ్గించే ఏర్పాటు నియంత్రకంలో ఉంటుంది. కాని చౌక పెట్టెలలో వేడిని కొలిచే సాధనం బ్యాటరీ మీద ఉండదు. పెట్టె లోపలనే ఉంటుంది. నీడన ఉన్న బ్యాటరీ 35 డిగ్రీల దగ్గర ఉన్నది. 25 డిగ్రీల దగ్గర 14.4 వోల్టులు కావలసినదానికి అప్పుడు 14.16 చాలును. కాని పెట్టె లోపల 60 డిగ్రీలు ఉండగా నియంత్రకం బ్యాటరీ కూడా అంత వేడిగా ఉన్నదని భ్రమపడి, 13.56 దగ్గరనే “ఇక చాలు” అంటుంది. బ్యాటరీ సగమో ముప్పాతికో నిండి ఆగుతుంది. దినదినమూ ఇదే జరిగితే సల్ఫేటు పేరుకొంటుంది. రాత్రి పదిగంటలకు పదవ తరగతి పిల్లవాడు చదువుకొంటుండగా దీపం ఆరిపోతుంది. ఇంటివారు “బ్యాటరీ మోసం చేసింది” అని కొత్తది కొంటారు. పాతదాని గతే దానికీ పడుతుంది. దోషం గోడమీది పెట్టె చూరు కింద ఉక్కబోతలో ఉండడం! వేడిని కొలిచే సాధనం విడి తీగతో వచ్చే నియంత్రకమైతే దానిని బ్యాటరీ పక్కకు అతికించాలి. లేనిచో పెట్టెనూ బ్యాటరీనీ ఒకే వేడి గల చోట ఉంచాలి. అయితే నిండుతున్న బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రొజను నిప్పురవ్వ తగిలితే పేలగలదు కనుక పెట్టె సరిగ్గా బ్యాటరీకి పైన ఉండరాదు, గది మూసినది కారాదు.

పెట్టెను మార్చి బిగించేటప్పుడు ముందుగా పలక మీద మందపాటి దుప్పటి కప్పి, పలక తీగలు ఊడదీసి, తరువాత బ్యాటరీ తీగలు తీయాలి. తిరిగి బిగించేటప్పుడు బ్యాటరీ ముందు, పలక తరువాత. రెక్కలు నిలువుగా ఉండాలి. వేడిగాలి పైకి పోవడానికి జానెడు ఖాళీ మీదా కిందా వదలాలి. పలక ఇవ్వగల ప్రవాహం కంటె నాలుగవ వంతైనా ఎక్కువ మోయగల పెట్టెను ఎన్నుకొనడం మంచిది. తెల్లని మబ్బుల అంచుల నుంచి వెలుతురు తోడైనప్పుడు పలక కొన్ని క్షణాలపాటు తన మీద రాసిన అంకెను కూడా దాటుతుంది.

పొరుగున ఉన్న నాగర్‌కర్నూల్ జిల్లాలో కొండారెడ్డిపల్లి 2025లో పూర్తి సౌర గ్రామంగా ప్రకటించబడినది. అక్కడి కప్పుల మీది పలకలు విద్యుత్ సంస్థ తీగలకు కలిపి ఉన్నవి. బ్యాటరీ అక్కరలేదు కనుక చార్జి నియంత్రకమూ లేదు; మధ్యాహ్నపు మిగులు మీటరు గుండా ఊరు దాటి పోతుంది. తీగలు చేరని పొలాల కాపలా గుడిసెలలో, నల్లమల లోపలి పెంటలలో బ్యాటరీ ఉన్నంతకాలం ఆ చిన్న పెట్టె గోడమీద ఉంటుంది.